ఎర్రగుడ్డ

మా నాన్న ముప్పై ఏళ్ళు ట్రైలరు నడిపాడు. విశాఖ ఉక్కు ప్లాంటు గేటు దగ్గర లోడెక్కితే అది దిగేది మద్రాసులోనో, రాయపూర్‌లోనో, కలకత్తాలోనో. ప్లాంటు కోసం భూములు పోయిన అరవై పైచిలుకు ఊళ్ళలో మాదొకటి. తాత చేతికి నిర్వాసితుల ఆర్ కార్డు ఇచ్చారు గానీ, దాని మీద రావలసిన ఉద్యోగం మా గడప దాకా రాలేదు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటుని జాతికి అంకితం చేశారు. నాన్నకి హెవీ లైసెన్సు వచ్చిందీ ఆ ఏడాదే. "మన కల్లంలో పండిన పంటేనే తల్లీ. మీ తాత బస్తాలు మోసీవోడు, నాను ఊచలు మోస్తన్నాను, అంతే తేడా" అనేవాడు. ఆ మాటలో కోపం ఉండేది కాదు. నాకుండేది.

లోడు విషయంలో నాన్నకి ఒక పట్టింపు ఉండేది. ఊచ బండి బల్ల దాటి వెనక్కి వచ్చిందంటే, అది బెత్తెడైనా సరే, కొసకి ఎర్రగుడ్డ కట్టనిదే స్టీరింగు ముట్టేవాడు కాదు. సరుకు అలా వెనక్కి పొడుచుకు రాకూడదని రూలుంది. ఆటోనగర్ నుంచి ఊళ్ళలోకి రాడ్లు తోలే చిన్న లారీల మీద ఆ రూలు ఎంత నడుస్తుందో గాజువాకలో ఎవరినడిగినా చెబుతారు. రూలు ఎవరు పాటించినా పాటించకపోయినా గుడ్డ మాత్రం ఉండాలి. అందుకని ఇంట్లో ఎర్రగా కనిపించిన ప్రతి గుడ్డా నాన్న దాచేవాడు. అమ్మ పాత రవికలు, వెలిసిన దిండు గలీబులు. నేను మూడో తరగతిలో వేసుకున్న ఎర్రగౌను ఒకటి అలాగే కలకత్తా రోడ్డు పట్టింది. నేను గొడవ చేస్తే నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నీ గౌను సూసే ఎనకొచ్చీవోడు ఆగుతాడమ్మా" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు, ఆ గౌను ఎక్కడో ఒరిస్సా అడవుల్లో ఎవరి ప్రాణమో కాపాడుతోందని నమ్ముతూ నిద్రపోయేదాన్ని.

నాకు డ్రైవింగు నేర్పిందీ నాన్నే. స్టీరింగు ఎలా తిప్పాలో మొదటి రోజే వచ్చేసింది. ఆ తర్వాత రెండు నెలలు నేర్పింది చూడడం. పక్కన కూర్చుని అడుగుతూనే ఉండేవాడు. ముందర ఏం బండి? నంబరు ఏ స్టేటుది? టైర్లు అణిగున్నాయా, లేచున్నాయా? అణిగుంటే లోడు బండి, బేగి ఆగదు. లేచుంటే ఖాళీ బండి, ఉన్నట్టుండి ఆగుతుంది. నేను జవాబు చెప్పడంలో ఆలస్యమైతే డాష్‌బోర్డు మీద వేలితో టకటకా కొట్టేవాడు.

అమ్మ పోయాక నాన్న కూర్మన్నపాలెం ఇంట్లోనే ఒక్కడే ఉంటానన్నాడు. నేను మధురవాడలో ఉంటాను, స్కూల్లో లెక్కలు చెబుతాను. ఊరికి ఆ కొస, ఈ కొస. ఆదివారం వెళ్ళి వండిపెట్టి, వారానికి సరిపడా పచ్చళ్ళూ పొడులూ సర్ది, చీకటి పడకుండా వచ్చేసేదాన్ని. కిందటేడు నాన్న బండి ముట్టుకోవడం మానేశాడు. "మోకాళ్ళమ్మా. క్లచ్చి నొక్కలేకపోతన్నాను" అన్నాడు. ముప్పై ఏళ్ళు క్లచ్చి తొక్కిన మోకాళ్ళు కదా అనుకున్నాను.

కొత్త కారు కొన్న రోజు పూజకి ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళాం. విశాఖలో ఏ బండి కొన్నా మొదట అక్కడికే వెళ్ళడం ఆనవాయితీ. పంతులుగారు హారతిచ్చాక నాన్న కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. బానెట్టు, తలుపులు, డిక్కీ, అద్దాలు, అన్నిటినీ అరచేత్తో నిమురుతూ తిరిగాడు, పెళ్ళికూతురి తల నిమిరినట్టు. ముందు బంపరు పైన చెయ్యి ఆగింది. "ఇక్కడేటే ఇది, గాజుపలకలాగ నున్నగా ఉంది?" అన్నాడు. నేను పొంగిపోయాను. షోరూములో కుర్రాడు వేలు పెట్టి చూపించేదాకా నాకు ఆ పలక ఉన్నట్టే తెలియలేదు. దాని వెనకే రాడారు ఉంటుందని, దారిలో అంతా చెబుతానని అన్నాను.

ఆ దారి అన్నవరం దారి. కొత్త కారులో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాలని నాన్న కోరిక. ఆదివారం ఆరింటికల్లా కూర్మన్నపాలెంలో నాన్నని ఎక్కించుకుని పదహారో నంబరు హైవే ఎక్కాను. ఎక్కగానే ఏసీ వేస్తే, నాన్న తన పక్క అద్దం పూర్తిగా దించేశాడు. బయట బొగ్గుపొడీ దుమ్మూ. "అద్దం ఎత్తు నాన్నా, కొత్త సీట్లు" అన్నాను. "నాకు మూసేస్తే ఊపిరాడదే" అన్నాడు. లారీ క్యాబిన్లలో బతికినవాడికి ఏసీ పడదులే అని ఊరుకున్నాను.

అగనంపూడి దాటాక, "ముందర ఏం బండి?" అని మొదలుపెట్టాడు.

"ఇప్పుడు కూడా పరీక్షేనా?"

"సెప్పవే."

"సిమెంటు ట్యాంకరు. టైర్లు అణిగున్నాయి. మన ఏపీ బండే."

తల ఊపాడు. లంకెలపాలెం దాకా ఇదే ఆట. నాకు ఇరవై ఏళ్ళ కిందటి పిల్లనైనట్టు సంతోషంగా ఉంది.

అనకాపల్లి దగ్గర టీకి ఆగాం. స్కూలు నుంచి ఫోను వచ్చింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో టీ గ్లాసు నాన్నకి అందించాను. ఆయన చెయ్యి గ్లాసుకి జానెడు పక్కన ఆగింది. నేను గ్లాసు ఆయన వేళ్ళ మధ్యన పెట్టి, ఫోనులో మాట కొనసాగించాను.

మళ్ళీ రోడ్డెక్కాక చెప్పడం మొదలుపెట్టాను. చెప్పాలని వారం నుంచి ఊరుతున్న మాటలు. "నాన్నా, ఇప్పుడు నేను యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేస్తాను. తొంభైకి సెట్ చేశాను. ముందు రోడ్డు ఖాళీగా ఉంటే కారు తొంభైలో పోతుంది. ఎవరైనా అడ్డొస్తే వాళ్ళ స్పీడుకి తగ్గి, మధ్యలో కాస్త దూరం ఉంచుకుని వెనకే పోతుంది. వాళ్ళు తప్పుకుంటే మళ్ళీ తొంభై. దీన్ని అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ అంటారు."

"ఎవరు సూస్తారు ముందర బండిని?"

"నువ్వు చేత్తో తడిమావే, ఆ పలక వెనకున్న రాడారు. తరంగం ఒకటి పంపిస్తుంది. అది ముందు బండికి తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం, ఎలా మారి వచ్చిందో చూసి వేగం లెక్కగడుతుంది. పైన అద్దం దగ్గర కెమెరా కూడా ఉంది. చీకట్లోనూ పని చేస్తుంది."

"సీకట్లో కూడానా" అన్నాడు నాన్న. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అది అసలు ఎలా పుట్టిందో కూడా చెప్పాను. దూరం సంగతి తర్వాత వచ్చింది. 1999లో మెర్సిడెస్ ఎస్ క్లాసు కార్లలో రాడారుతో వచ్చింది, మన దగ్గర మధ్యతరగతి కొనే కార్లలోకి 2021 నుంచే దిగింది. దానికి తల్లివేరు మాత్రం వేగాన్ని ఒకేలా పట్టి ఉంచే మామూలు క్రూజ్ కంట్రోల్. దాన్ని కనిపెట్టింది రాల్ఫ్ టీటర్ అని అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఇంజినీరు. ఆయన ఎప్పుడూ తన లాయరు నడిపే కారులో వెళ్ళేవాడట. ఆ లాయరు తాను మాట్లాడుతుంటే నెమ్మదించి, ఎదుటివాళ్ళ మాట వింటుంటే వేగం పెంచేవాడట. ఆ కుదుపులకి విసిగి, బండి ఒకే వేగంలో పోయే ఉపాయం ఆలోచించాడని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రైస్లర్ వాళ్ళు కార్లలో పెట్టారు.

"అసలు సంగతి వినలేదు నువ్వు" అన్నాను. "ఆయనకి కళ్ళు లేవు నాన్నా. చిన్నప్పుడు దెబ్బ తగిలి రెండు కళ్ళూ పోయాయి. కార్లు నడిపే పరికరం కనిపెట్టినవాడికి ముందున్న రోడ్డే కనబడదు."

"ఎన్నో ఏట పోయేయి?"

"ఐదో ఏట."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. "అయితే అలవాటైపోయుంటాది" అన్నాడు.

కశింకోట దాటాం. కుడి లైనులో మా ముందు ఒక కంటైనరు లారీ యాభైలో పోతోంది. నాకు నచ్చిన సన్నివేశం కుదిరింది. కారు తనంతట తానే తొంభై నుంచి యాభైకి దిగి, కంటైనరు వెనక బుద్ధిగా నడుస్తోంది. ఆ కంటైనరు డబ్బా మొత్తం నా అద్దాన్ని కప్పేసింది. దాని అవతల ఏముందో నాకు కనిపించే వీలే లేదు. ముందు బండితో ఉంచే దూరానికి మీటర్లో గీతలు నాలుగుంటే, నేను ఒక్కటే పెట్టుకున్నాను. ఎక్కువ పెడితే సందులోకి బైకో ఆటోనో దూరుతుంది, కారు ఉలిక్కిపడినట్టు బ్రేకేస్తుంది, అది నాకు చిరాకు. ఒక్క గీత అంటే సుమారుగా ఒక్క సెకను. యాభై వేగంలో సెకనుకి పద్నాలుగు మీటర్లు. లెక్కల టీచరుని, ఆ గుణకారం ఆరో తరగతి పిల్లలకి నేనే చేయిస్తాను. ఆ రోజు నేను చేసుకోలేదు.

"ఇదిగో, మీటర్లో బొమ్మ చూడు నాన్నా. ముందు బండి బొమ్మ, మధ్యన గీత…"

నాన్న మొహం నా వైపు వంచాడు. నేను మీటరు మీద వేలు పెట్టాను.

"బ్రేకెయ్యే! ఒలే, బేగి బ్రేకెయ్యే!"

ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. తలెత్తి చూడకుండానే కాలు బ్రేకు మీద పడింది. ఆ తర్వాత తలెత్తాను. కంటైనరు లేదు, ఎడమ లైనులోకి వెళ్ళిపోయింది. అది ఉండవలసిన చోట ఒక లారీ ఆగి ఉంది. ఆగి ఎంతసేపైందో, బోల్టులు ఊడిన వెనక చక్రం పక్కకి ఒరిగి ఉంది. లారీ బల్ల దాటి మూడు నాలుగు అడుగులు బయటికి ఇనప ఊచలు, మోపులు మోపులుగా, కొసలన్నీ మా అద్దం వైపు. కారులో హెచ్చరిక గంట అప్పుడు మోగింది. టైర్లు అరిచాయి. సీటుబెల్టు భుజాన్ని కోసింది.

కారు ఆగింది. ఊచల కొసలకీ బానెట్టుకీ మధ్య మూర దూరం ఉందేమో. మధ్య ఊచకి కట్టిన ఎర్రగుడ్డ అద్దం ముందు, నా ముఖం ఎత్తులో ఊగుతోంది. కట్టి ఎన్నో రోజులు కానట్టుంది, రంగు వెలవలేదు. ప్రపంచంలో నాకు ఆ క్షణంలో కనిపించిన రంగు అదొక్కటే.

ఆ తర్వాత రెండు వారాల పాటు ఒక ఆస్పత్రి వరండాలో కూర్చునే పని పడింది. అక్కడ కూర్చుని, కారుతో ఇచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. అంతకు ముందు నాలుగైదు పేజీలు తిరగేశాను, అదీ పాటలు ఎలా పెట్టాలో చూడడానికి. నాకు జరగబోయినదంతా అందులో ఉంది. ఆగి ఉన్న వాహనాలను ఇది గుర్తించకపోవచ్చు అని ఉంది. ముందు వాహనం తప్పుకున్నాక ఎదురయ్యేవాటిని గుర్తించకపోవచ్చు అని ఉంది. వెనక్కి పొడుచుకు వచ్చిన సరుకుని లెక్కలోకి తీసుకోకపోవచ్చు అని కూడా ఉంది. ఆ మూడో వాక్యం చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయట నిలబడ్డాను. ఉక్కు నగరంలో కారు కొనే ప్రతివాళ్ళకీ ఆ ఒక్క వాక్యం పెద్దక్షరాలతో అచ్చు వేసి అద్దానికి అంటించి ఇవ్వాలి. రాడారుకి లారీ వెనక భాగం గోడలా కనిపిస్తుంది. కొసలు మన వైపుకి తిరిగిన సన్నటి ఊచలు దానికి దాదాపు లేనట్టే. ఎర్రగుడ్డ అసలే లేనట్టు. ఎర్రగుడ్డ మనిషి కంటి కోసం పుట్టింది.

ఆగి ఉన్నదాన్ని ఎందుకు చూడదు అన్నది నన్ను చాలా రోజులు వేధించింది. చదివితే తెలిసింది. రాడారుకి రోడ్డు మీద ఆగి ఉన్న వస్తువులు లెక్కలేనన్ని కనిపిస్తాయి. కల్వర్టు గోడలు, కిలోమీటరు రాళ్ళు, రోడ్డుకి అడ్డంగా పైన కట్టిన ఊరి పేర్ల బోర్డులు, డివైడరు కమ్ములు. ప్రతిదానికీ బ్రేకేస్తే బండి కశింకోట కూడా చేరదు. అందుకని, మొదటి నుంచీ కదలకుండా ఉన్నవాటిని పెద్దగా పట్టించుకోవద్దని దానికి నేర్పారు. తన కళ్ళ ముందు కదులుతూ కదులుతూ ఆగిన బండిని అది వదలదు. తాను రాకముందే ఆగిపోయిన బండి మాత్రం దానికి కల్వర్టు గోడతో సమానం. కెమెరాలు కలిశాక కొత్త కార్లలో ఇది మెరుగుపడింది గానీ, పూర్తిగా నమ్మమని ఏ కంపెనీ పుస్తకమూ చెప్పదు.

ఇంకొకటి కూడా చదివాను. 2018 జనవరి 22న కాలిఫోర్నియాలో కల్వర్ సిటీ దగ్గర ఒక టెస్లా కారు, ముందు బండి వెనక గంటకి ముప్పై నాలుగు కిలోమీటర్ల వేగంతో పోతోంది. ముందు బండి పక్క లైనులోకి తప్పుకుంది. దాని అవతల ఒక ఫైరింజను ఆగి ఉంది. దారి ఖాళీ అయిందనుకుని కారు వేగం పెంచింది. సుమారు యాభై వేగంలో వెళ్ళి ఫైరింజనుకి గుద్దుకుంది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఎర్రటి ఫైరింజను, ఎర్రదీపాలు వెలుగుతూ ఉన్నదే. అమెరికా రవాణా భద్రతా బోర్డు దాన్ని విచారించి, డ్రైవరు రోడ్డు మీద దృష్టి పెట్టలేదని, యంత్రం మీద అతిగా ఆనుకున్నాడని తేల్చింది. చదువుతుంటే అది నా గురించి రాసిన రిపోర్టులా ఉంది. అంతా ఒకటే. ముందు బండి తప్పుకోవడం, కారు పరుగందుకోవడం.

ఇప్పుడు నేను దాన్ని వాడే తీరు వేరు. ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి వచ్చే ఆరు వరసల రోడ్డు మీద, వెలుతురులో, రోడ్డు పలచగా ఉంటేనే వేస్తాను. దూరం గీతలు నాలుగూ పెడతాను. బైకులు దూరితే దూరనీ. కాలు బ్రేకు పక్కనే ఉంటుంది. వానొస్తే తీసేస్తాను, జంక్షను వస్తే తీసేస్తాను, పెద్ద వంపు వస్తే తీసేస్తాను. ఎత్తయిన డబ్బా బండి ఏదైనా నా ముందు నిలిచి అవతలిది కనబడకుండా చేస్తే, ముందు క్రూజు ఆపేసి, వెనక్కి తగ్గి, దాని పక్క నుంచి రోడ్డు కనిపించేదాకా ఆగుతాను. ముందు బండి చటుక్కున తప్పుకుంటే నా చెయ్యి మొదట వెళ్ళేది ఆపే బటను మీదికే. మా స్కూల్లో కారు కొన్న ప్రతి టీచరుకీ ఇదంతా చెబుతున్నాను. కొందరు వింటున్నారు.

ఆ రోజుకి వస్తాను.

చేతులు వణుకుతున్నాయి. "నాన్నా, నీకు ఎలా కనిపించింది? నాకు కనబడనిది నీకెలా కనిపించింది?" అన్నాను.

"కనిపించడమేటే. ఇనిపించింది." నాన్న ఇంకా డాష్‌బోర్డు రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. "ఎయిరుబ్రేకు బుస్సుమంది. లోడు బండోడు ఊరకనే బ్రేకు కొట్టడు, మళ్ళీ పికప్పు రావాలంటే వాడికి ప్రాణం పోతాది. కొట్టేడు. ఎంటనే వాడి మోత నా కిటికీ పక్కకొచ్చింది. అంటే తప్పుకున్నాడు. వాడు దేన్ని సూసి ఆగి తప్పుకున్నాడో, నీ బండి దాని మీదికే గొంతు పెంచుకుని ఎల్తంది. ఇంకేటి సూడాల?"

ముప్పై ఏళ్ళ అనుభవం అంటే ఇదీ అనుకున్నాను. రాడారూ కెమెరా పెట్టి లక్షలు పోసి కొన్న కారు చూడలేనిది, ఒక తెరిచిన కిటికీలోంచి మా నాన్న పట్టుకున్నాడు. గర్వంతో కళ్ళు చెమర్చాయి.

"బండి ముందుకి తీసి, ఆ లారీ ముందర డివైడరు పక్కన పెట్టు" అన్నాడు. "ఆల్లతోటి మాటాడాల. ఎనక రాళ్ళు పెట్టలేదు, కొమ్మలు పెట్టలేదు. ఇంకోడొచ్చి గుద్దితే?"

వెనక చూసుకుని, పక్క లైనులోంచి తప్పించి, లారీ ముందు నీడలో కారు పెట్టాను. నాలుగు దీపాలూ వేశాను. డిక్కీలోంచి ఎర్ర ముక్కోణం బోర్డు తీసుకుని, డివైడరు మీది గన్నేరు చెట్ల పక్కగా వెనక్కి పరిగెత్తాను. నాన్నని కారులోనే ఉండమన్నాను. ఉండలేదు. తిరిగి చూస్తే, డివైడరు వైపు నుంచి లారీ పక్కబల్ల మీద అరచెయ్యి ఆనించి, ఒక్కొక్క అడుగే వేస్తూ వెనక్కి నడుస్తున్నాడు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర నా కారుని నిమిరినట్టే నిమురుతున్నాడు. పాత స్నేహం అనుకున్నాను.

బోర్డు దూరంగా నిలబెట్టి, వచ్చే బండ్లకి చున్నీ ఊపి పక్కకి పొమ్మని చూపించాను. లారీ క్లీనరు కుర్రాడు, పదిహేడేళ్ళుంటాయేమో, గన్నేరు కొమ్మలు విరిచి తెచ్చి బోర్డు పక్కన పడేశాడు. డ్రైవరు మెకానిక్కు కోసం వెళ్ళాడట. ఇద్దరం కలిసి లారీ దగ్గరికి వచ్చాం.

నాన్న ఊచల దగ్గర నిలబడి ఉన్నాడు. అంచునున్న ఒక మోపు కొసల మీద బొటనవేలు ఆడించాడు. "పదారు ఎమ్మెమ్ము" అన్నాడు, తనలో తనే. సరిగ్గా చెప్పాడు. ఆయన వేలికి ఇంకా ఆ లెక్క ఉందని నాకు ముచ్చటేసింది. తర్వాత మా అడుగుల చప్పుడికి ఇటు తిరిగాడు. మొహం ఎర్రబడి ఉంది. నా చిన్నప్పుడు కూడా నాన్నని అంత కోపంగా చూడలేదు.

"ఏరా గుంటా, నాలుగడుగులు బయటికుందిరా ఇనుము. నా కూతురి గొంతులో దిగిపోయుండును. ఎర్రగుడ్డ ఏదిరా? ఎర్రగుడ్డ కట్టకుండా బండి ఎలా తీసేరురా మీరు?"

కుర్రాడు నాన్న వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఏం చెప్పాలో వాడికి తెలియలేదు.

నాన్న కళ్ళకి జానెడు దూరంలో ఎర్రగుడ్డ గాలికి ఊగుతోంది.